జనరల్ బజార్ వెండి కొట్టులో ఉల్క లాకెట్: వస్తువు బంగారం, మాటలు గిల్టు

ముందే చెప్పేస్తున్నా, వస్తువుకి ఐదుకి నాలుగున్నర, అమ్మినాయన మాటలకి రెండు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో వెండి కొట్ల సందులో ఉంటుందీ షాపు. పేరు రాయట్లేదు, కింద కాస్త తిట్టబోతున్నాను కాబట్టి. బయటి నుంచి చూస్తే పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణెలు, అన్ని కొట్లలాంటిదే. లోపల అద్దాల సొరుగులో మాత్రం ఉల్క ముక్కలు పొదిగిన లాకెట్లు, ఉంగరాలు, కొన్ని విడి రాళ్ళు పెట్టారు. నేను తీసుకున్నది బొటనవేలి గోరంత ముక్క, చుట్టూ వెండి గూడు, వెనక కూడా వెండి రేకు, 6,800 రూపాయలు. వెండి మీద 925 ముద్ర, అంటే 92.5 శాతం వెండి అన్న గుర్తు, ఉంది, బిల్లు కూడా అడక్కుండానే ఇచ్చారు.

ఇంత డబ్బు ఇనుముకా అని మా అమ్మ అడిగింది. అవును, ఇనుమే. ఇందులో సుమారు 8 శాతం నికెల్, కొద్దిగా ఇంకేవో లోహాలు, మిగతాదంతా ఇనుము. కానీ దాని మీదున్న గీతలు చూశాక ధర గురించి మాట్లాడాలనిపించదు. సన్నటి పట్టీలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుకుంటూ చాప అల్లికలా కనిపిస్తాయి. లాకెట్‌ని ట్యూబ్‌లైట్ కింద కొంచెం వంచితే ఒక వరస పట్టీలు తళుక్కుమంటాయి, అదే సమయంలో ఇంకో వరస నల్లబడుతుంది, ఇటు తిప్పితే నల్లగా ఉన్నవి మెరుస్తాయి. ఫోటోలో ఇది పడదు, నేను చాలా తీసి చూశాను, అన్నిట్లోనూ గీతలు పడ్డ స్టీలు గిన్నెలాగే వచ్చింది, అందుకే ఇక్కడ ఫోటో పెట్టట్లేదు.

ఈ గీతలు ఎవరో చెక్కినవి కావు. గ్రహంగా ఎదగడం మొదలుపెట్టిన ఓ చిన్న లోకం నడిమధ్యలో కరిగిన ఇనుము, నికెల్ గట్టిపడి, ఆ తర్వాత లక్షల ఏళ్ళ పాటు నెమ్మదిగా చల్లారుతూ వచ్చినప్పుడు, నికెల్ తక్కువున్న కామసైట్, నికెల్ ఎక్కువున్న టీనైట్ అనే రెండు రకాల స్ఫటికాలు పట్టీలు పట్టీలుగా విడిపోతాయి. అంత నెమ్మదిగా చల్లార్చే కొలిమి భూమ్మీద ఎవరి దగ్గరా లేదు, కాబట్టి ఫ్యాక్టరీలో దీన్ని తయారుచేయడం కుదరదు. ముక్కని కోసి, నునుపు చేసి, పల్చటి నైట్రిక్ యాసిడ్‌తో, అంటే మన కంసాలులు తేజాబ్ అనే దానితో కడిగితే నికెల్ తక్కువున్న భాగం ఎక్కువ అరిగి డిజైన్ బయటపడుతుంది. 1808లో వియన్నాలో విడ్‌మన్‌స్టాటెన్ అనే ఆయన ఉల్క పలకల్ని వేడిచేస్తూ గమనించాడని ఆయన పేరే పెట్టారు, నిజానికి 1804కే థామ్సన్ అనే ఇంగ్లీషాయన నేపుల్స్‌లో యాసిడ్ పెట్టి ఇదే చూశాడు. పేరు మాత్రం విడ్‌మన్‌స్టాటెన్‌కే దక్కింది.

నా ముక్క స్వీడన్‌లో దొరికే ముయోనియోనలుస్త ఉల్కది. 1906లో మొదటి ముక్క దొరికింది, వయసు 450 కోట్ల ఏళ్ళకి పైమాటే. షాపాయన నమీబియా జిబియన్ ఉల్కది కూడా చూపించాడు, అది ఇంకా ఎక్కువ ధర. నమీబియా ఆ ఉల్క ముక్కల్ని దేశం దాటనివ్వడం నిషేధించింది, కాబట్టి ఇదెప్పటి సరుకు, ఎలా వచ్చింది అని అడిగితే "పాతది మేడమ్, గ్యారంటీ" అన్నాడు. కాగితం మాత్రం లేదు. వదిలేశాను.

ఇప్పుడు మాటల సంగతి. మొదటిది, "రాలే చుక్క మేడమ్ ఇది". కాదు. డిసెంబర్ 14 అటూ ఇటూ జెమినిడ్ ఉల్కలు రాలినప్పుడు మనం చూసే గీతలు ఎక్కువగా ఇసుక రేణువులంతవి, ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి, నేలకి చాలా పైనే కాలి అయిపోతాయి. చేతికి దొరికే ఇనుప ఉల్కల కథ వేరు, ఢీకొని పగిలిపోయిన పెద్ద గ్రహశకలాల లోపలి భాగం అది. ఆ తేడా చెప్తే సరుకు విలువ పెరుగుతుందే గానీ తగ్గదు, ఆయనకి ఎందుకు తట్టలేదో. రెండోది, "పూర్వం రాజులు పెట్టుకునేవాళ్ళు". ఇది మాత్రం కొంత నిజమే, ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన బాకు ఉల్క ఇనుముదని 2016లో పరీక్షించి తేల్చారు, మన జహంగీర్ కూడా 1621లో జలంధర్ దగ్గర పడ్డ ఉల్కతో కత్తులు చేయించాడు. ఒట్టి ఉల్క ఇనుము సుత్తి దెబ్బలకి నిలవకపోతే మామూలు ఇనుము కలపాల్సొచ్చింది. మూడోది, శని దోషం. గుర్రపు నాడా ఉంగరం కన్నా ఇది పవర్‌ఫుల్ అట. నేను వెళ్ళింది శనివారం, శనివారం ఇనుము కొనకూడదు కదండీ అన్నాను, "ఇది ఆకాశం ఇనుము, దీనికి ఆ లెక్క లేదు" అని టక్కున చెప్పాడు. ఆ జవాబుకి మాత్రం అరమార్కు కలిపాను.

అసలుదో కాదో చూసుకోవడం గురించి. అయస్కాంతానికి అంటుకుంటే చాలనుకోకండి, అంటుకునే స్టీలు రకాలు కూడా ఉన్నాయి. స్టీలు మీద లేజర్‌తో ఇలాంటి గీతలు వేసి అమ్మేవాళ్ళున్నారు, వాటిని వంచితే అన్ని గీతలూ ఒకేలా మెరుస్తాయి, వరసలు మారవు. ఇంకో సంగతి, గూట్లో బిగించకముందు విడి ముక్క చూపించమనండి. అంచు మీద కూడా యాసిడ్ పెట్టి ఉంటే పైనున్న పట్టీలు అంచు మీదుగా కిందికి దిగి కనిపించాలి, ఎందుకంటే డిజైన్ పైపూత కాదు, లోపలంతా అదే. ఈ షాపులో అడగ్గానే భూతద్దం చేతికిచ్చి విడి ముక్కలు ముందు పెట్టారు, అందుకే అంత నమ్మకంగా నాలుగున్నర ఇచ్చాను. పనివాడు కూడా తెలివైనవాడు, ముక్కకి టంకం పెట్టకుండా గూడు అంచుల్ని ఒత్తి బిగించాడు. బాగా వేడి తగిలితే ఆ పట్టీలు పాడవుతాయని తనే చెప్పాడు. ఓనర్ బదులు ఆయన్ని కౌంటర్లో కూర్చోబెడితే బాగుండు.

నా అసలు కంప్లయింట్ తుప్పు. "జీవితాంతం ఏమీ కాదు, స్నానానికి కూడా తీయక్కర్లేదు" అని చెప్పి అమ్మారు. జూలై వానలు మొదలయ్యాయి, ఒక మూల వెండి గూడుకీ ముక్కకీ మధ్య గోధుమరంగు చుక్క వచ్చింది, తుడిస్తే వేలికి అంటింది. ఇనుము తుప్పు పడుతుంది, ఉల్కైనా సరే, చెమటలో ఉప్పు తగిలితే ఇంకా తొందరగా పడుతుంది, ఇది అమ్మేవాడికి తెలియకుండా ఉండదు. వెనక్కి తీసుకెళ్తే మొదట "మీ నీళ్ళ వల్ల" అన్నారు, తర్వాత పనివాడే విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ యాసిడ్ పెట్టి ఇచ్చాడు, 400 తీసుకున్నారు. ఉచితంగా చేయాల్సిన పని అది. ఇప్పుడు చేతులు కడిగేటప్పుడు, వ్యాయామం అప్పుడు తీసేస్తాను, అప్పుడప్పుడు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి తుడిచి, చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లంతో డబ్బీలో పెడుతున్నాను. మళ్ళీ చుక్క రాలేదు.

నికెల్ పడని వాళ్ళు ఉంగరం జోలికి వెళ్ళకండి, దురద పెడుతుంది. పడేవాళ్ళకైనా రోజువారీ ఉంగరంగా నేను సలహా ఇవ్వను, గిన్నెలు తోమే చేతికి ఇది నిలవదు. అదే సొరుగులో ఆకుపచ్చ మోల్డవైట్ లాకెట్లు కూడా "ఉల్క రాయి" అనే అమ్ముతున్నారు. అది ఉల్క కాదు, సుమారు కోటిన్నర ఏళ్ళ కిందట జర్మనీలో రీస్ దగ్గర ఉల్క పడినప్పుడు కరిగి ఎగిరిపడ్డ భూమి గాజు, ఎక్కువగా చెక్ దేశంలో దొరుకుతుంది. వాళ్ళ దగ్గరున్నవన్నీ ఒకే సైజు, ఒకే తడి మెరుపు, అచ్చులో పోసినట్టు. నాకు నమ్మకం కుదరలేదు.

పిల్లలకి ఇవ్వాలనుకుంటే ముందు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటోరియంకి తీసుకెళ్ళండి, 1985 నుంచీ ఉంది, టికెట్టు ఈ లాకెట్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. ఒకప్పుడు బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ నుంచి నక్షత్రాల ఫోటోలు తీసి స్థానాలు కొలిచారు, ఇప్పుడు అదే బేగంపేటలో తలెత్తితే హోర్డింగుల వెలుగు తప్ప ఏమీ కనపడదు. డిసెంబర్‌లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు వెళ్తే ఉల్కలు బాగానే కనిపిస్తాయి, దుప్పటి మర్చిపోవద్దు.

షాపుకి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం భోజనం టైమ్ కాకుండా చూసుకోండి, షట్టర్ సగం దించేస్తారు. బండి పెట్టడానికి చోటు దొరకదు, ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటోలో వెళ్ళడం నయం. బేరం ఆడండి, నాకు 7,500 చెప్పి 6,800కి దిగారు. బిల్లు మీద ఉల్క పేరు రాయమనండి, తుప్పు పడితే ఉచితంగా బాగుచేస్తామని కూడా పెన్నుతో రాయించుకోండి. నేను మళ్ళీ వెళ్తే మా తమ్ముడికి ఒకటి తీసుకుంటాను, ఆ రెండో వాక్యం రాసిస్తేనే.