వింగ్ చునా, జీత్ కునే డోనా?

ఈ రెండు మార్షల్ ఆర్ట్స్ బ్రూస్ లీ పేరుతోనే వినిపిస్తాయి గానీ తేడా చాలా ఉంది. వింగ్ చున్ ఆయన హాంకాంగ్‌లో గురువు ఇప్ మాన్ దగ్గర నేర్చుకున్నది, దాంట్లో వట్టి చేతులతో ఒక వరసలో కదలికలు చేసే ఫామ్‌లు 3, మొదటిది సియు నిమ్ తావ్, కాళ్లు కదపకుండా మోకాళ్లు లోపలికి పెట్టి నిలబడి చేతులు మాత్రం మెల్లగా ఆడించాలి, చూసేవాళ్లకి బోరే గానీ కాసేపటికే తొడలు వణుకుతాయి. తర్వాత చీ సావ్, ఇద్దరూ ముంజేతులు ఆనించుకుని తిప్పుతూ ఉంటారు, ఎదుటివాడు కాస్త సడలితే చాలు చెయ్యి దానంతటదే ముందుకెళ్లిపోతుంది.

జీత్ కునే డోలో ఇలా వరసగా ఏదీ దొరకదు. 1964లో అమెరికాలోని ఓక్లాండ్‌లో కుంగ్ ఫూ మాస్టర్ వాంగ్ జాక్ మాన్‌తో ఫైట్ అనుకున్నదానికంటే సాగేసరికి లీకి ఆయాసం వచ్చిందట, తర్వాత బాక్సింగ్, ఫెన్సింగ్ కలుపుకుంటూ పోయి 1967లో తన పద్ధతికి ఈ పేరు పెట్టాడు. బలమైన చెయ్యే ముందుంటుంది, కుడిచేతివాటం అయితే కుడిదే. పనికొచ్చింది ఉంచుకో మిగతాది వదిలెయ్ అంటారు, బానే ఉంది, ఏమీ రాకముందే ఏం వదుల్తాం చెప్పండి! నేనైతే ముందు రెండేళ్లు వింగ్ చున్ చేసి ఇటు రమ్మంటా. ఫామ్‌లంటే చిరాకు, స్పారింగే (ఎదురుగా మనిషితో ఫైట్ ప్రాక్టీస్) కావాలి అనేవాళ్లు నేరుగా జీత్ కునే డోకే వెళ్లండి, గ్లవ్స్ మాత్రం సొంతవి కొనుక్కోండి, క్లాసులో అందరూ వాడేవి ఒకటే చెమట కంపు.