నాలుగో గేరులోనే ముగిసిపోయే పరుగు: హోండా ఎస్2000, 180 లిమిటర్

టాపు తెరుచుకునే స్పోర్ట్స్ కారు హోండా ఎస్2000 గురించి తెలిసినవారికి దాని రెండు లీటర్ల ఇంజిన్ గొప్పతనం గానీ, టర్బో సాయం లేకుండానే 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా పరుగెత్తే దాని స్వభావం గానీ నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు. జపాన్ మార్కెట్ కోసం తయారైన మొదటి తరం కారును ఉద్యోగరీత్యా ఉంటున్న కనగావాలో సెకండ్ హ్యాండ్‌లో కొని, కొన్నేళ్ళుగా నడుపుతున్నవాడిగా ఒకే ఒక్క విషయం మీద నా గోడు వెళ్ళబోసుకుంటాను. అది గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్‌కు ఇంధనం ఆపివేసే స్పీడ్ లిమిటర్. ఐరోపాలో 240 దాకా వెళ్ళే కారు పుట్టింట మాత్రం 180 దగ్గరే ఆగిపోతుందన్న సంగతి కొనేముందే నాకు తెలుసు. కానీ ఆ కోత ఏ గేరులో, ఏ క్షణంలో పడుతుందో నడిపితే తప్ప ఒంటికి పట్టదు.

గేర్ల లెక్క చూస్తే ఈ బాధ అర్థమవుతుంది. కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలతో మూడో గేరు 9,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 150 కిలోమీటర్ల వేగంతో ముగుస్తుంది. నాలుగో గేరులో 180 అందేసరికి ఇంజిన్ దాదాపు 8,350 ఆర్‌పీఎం మీద ఉంటుంది. ఈ ఇంజిన్ గరిష్ఠ శక్తి అయిన 250 పీఎస్ వచ్చేది 8,300 దగ్గర. అంటే ఇంజిన్ తన సత్తా మొత్తం బయటపెట్టిన ఆ క్షణానే, ఎర్ర గీతకు ఇంకా ఆరు వందల ఆర్‌పీఎం పైగా దూరం ఉండగానే, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ ఇంధనాన్ని కోసేస్తుంది. వేడన్నంలో నెయ్యి వేసి, ముద్ద కలుపుతుండగా ముందున్న విస్తరి లాగేసినట్టుంటుంది. ఇక మిగిలిన రెండు గేర్ల సంగతి మరీ విచిత్రం. 180 వేగానికి ఐదో గేరులో ఇంజిన్ 7,000 దగ్గర, ఆరో గేరులో 5,800 దగ్గర తిరుగుతుంది. ఇంజిన్ వాల్వులను మరింత తెరిచే పెద్ద క్యామ్ అందుకునేది సుమారు 6,000 ఆర్‌పీఎం దగ్గర కనుక, ఆ క్యామ్‌కు మారే ఏ వీటెక్ ఏర్పాటు కోసమైతే జనం ఈ కారు కొంటారో ఆ వీటెక్, లిమిటర్ ఉన్నంతకాలం, ఆరో గేరులో ఒక్కసారి కూడా పలకదు.

జపాన్‌లో లిమిటర్ కార్లకు చట్టం పెట్టిన షరతు కాదని కూడా చెప్పాలి. భారీ లారీలకు 2003 నుంచి 90 దగ్గర లిమిటర్ చట్టరీత్యా తప్పనిసరి. కార్లకున్న 180, చిన్న కెయ్ కార్లకున్న 140 మాత్రం తయారీదారులు తమలో తాము పాటిస్తూ వస్తున్న కట్టుబాట్లు. ఇంజిన్ శక్తి 280 పీఎస్ దాటరాదన్న ఇంకో కట్టుబాటు 2004లో తొలగిపోయింది గానీ, వేగం కట్టుబాటు అలాగే నిలిచింది. (అంతకుముందు జపాన్ కార్లు నూరు దాటగానే గంట కొట్టేవి, ఆ నిబంధనను 1986లో ఎత్తేశారు. 2019 జూలై తర్వాత మన దేశంలో కొత్త కారు కొని, 80 దాటగానే వినిపించే బీప్ శబ్దంతో వేగుతున్నవారికి ఆ గంట ఎంత విసిగించి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.)

రోడ్డు మీద ఈ లిమిటర్ వల్ల నాకు కలిగిన నష్టం ఏమీ లేదు, కలగవలసిన అవసరమూ లేదు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద సాధారణ పరిమితి 100. షిజువొకాలో షిన్-తోమెయ్ మీద 2020 డిసెంబరు నుంచి 120. ఆ 120 దగ్గర ఆరో గేరులో ఇంజిన్ 3,900 ఆర్‌పీఎం తిరుగుతూ, టాపు మూసి ఉన్నా పక్కవారి మాట సరిగా వినపడనంత హోరు పెడుతుంది. నా తగాదా అంతా సర్క్యూట్‌తోనే, అందులోనూ ఒకే ఒక్క సర్క్యూట్‌తో. రెండు కిలోమీటర్ల చిల్లర చుట్టుకొలత ఉన్న త్సుకుబాలో పెద్ద స్ట్రెయిట్ (మలుపుల్లేని భాగం) మీద కూడా ఈ కారుకు 180 చేరే వ్యవధి ఉండదు కనుక, అక్కడికి మాత్రమే వెళ్ళేవారు లిమిటర్ అనేది ఒకటున్నదని తెలియకుండానే ఏళ్ళు గడిపేయవచ్చు. ఫుజి స్పీడ్‌వే అలాంటిది కాదు. దాని ప్రధాన స్ట్రెయిట్ దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు.

చివరి మలుపు దాటి, రెండో గేరు, మూడో గేరు నిండుగా లాగి, నాలుగో గేరులో పడ్డాక, స్ట్రెయిట్ ఇంకా చాలా మిగిలి ఉండగానే కోత పడుతుంది. తర్వాత వచ్చిన కార్లలో, ఉదాహరణకు నేను ఒక మిత్రుడి దగ్గర తీసుకుని నడిపిన టొయోటా 86లో, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపుచేసే తలుపు) ఎలక్ట్రానిక్ కనుక లిమిటర్ మెత్తగా వస్తుంది. ఎవరో పక్కనుంచి కాలు సడలించినట్టు ఉంటుందే తప్ప కుదుపు తెలియదు. మొదటి తరం ఎస్2000లో థ్రాటిల్ కేబులుతో నడుస్తుంది. కాలు కిందిదాకా తొక్కే ఉంటుంది, ఇంధనం మాత్రం ఆగిపోతుంది. ముక్కు కిందికి వంగుతుంది, వేగం కొద్దిగా పడగానే ఇంధనం తిరిగి వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇందులో నాకు నచ్చనిది అవమానం కన్నా ప్రమాదం. బ్రేకు దీపం వెలగకుండా కారు నెమ్మదిస్తుంటే వెనుకనుంచి లిమిటర్ లేని జర్మన్ కారులో వస్తున్నవాడికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు. అందుకే ఫుజికి తరచుగా వెళ్ళేవారు మీటరు 175 దాటగానే కాలు కాస్త ఎత్తి, సిగ్నల్ గానీ చేతి సైగ గానీ ఇచ్చి, పక్కకు జరిగిపోవడం అలవాటు చేసుకుంటారు. 250 పీఎస్ ఇంజిన్‌తో దారి ఇస్తూ పోవడంలో మజా ఏమిటో నాకు నేటికీ బోధపడలేదు.

ఈ కసితోనే లిమిటర్ కట్టర్ అనే చిన్న పెట్టెను బిగించుకున్నాను. దాని పని సులువైనది. గేరుబాక్సు దగ్గరి వేగం సెన్సరు చక్రాలు తిరిగే కొద్దీ పల్సులు పంపుతుంది; ఈసీయూ వాటిని లెక్కపెట్టి వేగం తెలుసుకుంటుంది. పెట్టె ఈ మధ్యలో కూర్చుని, పల్సులు ఒక హద్దు దాటగానే వాటిని పెరగనీయకుండా ఈసీయూకు పాత లెక్కే వినిపిస్తూ ఉంటుంది. (లెక్కంతా చక్రం చుట్ల మీద ఆధారపడినది కనుకనే, కొత్త టైరుతో పోలిస్తే ఐదు మిల్లీమీటర్లు అరిగిన టైరుతో కోత గంటకు మూడు కిలోమీటర్ల తక్కువ వేగానికే పడుతుంది, గేరుబాక్సుకూ చక్రాలకూ మధ్యనుండే ఫైనల్ గేరు నిష్పత్తి పెంచినవారికి ఇంకా ముందే పడుతుంది.) 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ అయితే ఉపగ్రహ సంకేతాలతో సర్క్యూట్‌ను గుర్తుపట్టి, నడిపేవాడు కోరితే లిమిటర్‌ను తానే తొలగిస్తుంది. అది టర్బో కారు, దాని ధర వేరే లోకపుది.

పెట్టె బిగించాక ఫుజిలో మొదటి విడత నడిపినప్పటి ఆనందాన్ని దాచుకోను. నాలుగో గేరు ఆగకుండా 8,700 దాకా సాగింది, ఐదో గేరు వేయగానే ఇంజిన్ 7,300 మీద, అంటే వీటెక్ మధ్యలోనే, తిరిగి అందుకుంది. ఇన్నాళ్ళూ హైవే మీద పెట్రోలు ఆదా చేయడానికి తప్ప పనికిరాదనుకున్న ఐదో గేరుకు ఒక స్వరం ఉందని అప్పుడే విన్నాను. బ్రేకు తొక్కేలోపు జీపీఎస్ లాగర్ 200 దాటి కొద్దిగా చూపింది. ఆ సాయంత్రం మిత్రులందరికీ, ఈ కారు కొన్నవాడు మొట్టమొదట చేయవలసిన మార్పు ఇదేనని చెప్పాను.

తర్వాతి వేసవిలో కథ మారింది. ఫుజి నుంచి తిరిగి వస్తుండగా గొతెంబా దాటాక మీటరు మీద అంకె ఒక్కసారిగా సున్నా అయింది. కారు నడుస్తూనే ఉంది, ఇంజిన్ బాగానే ఉంది, వేగం మాత్రం సున్నా. కొద్దిసేపటికి పవర్ స్టీరింగ్ హెచ్చరిక అయిన ఈపీఎస్ దీపం వెలిగి, స్టీరింగ్ బరువెక్కింది. ఇంజిన్ హెచ్చరిక దీపమూ దానికి తోడైంది. అంతకుముందెప్పుడూ నేను గమనించని సంగతి ఏమిటంటే, ఈ కారులో పవర్ స్టీరింగ్ విద్యుత్తుతో పనిచేస్తుంది, ఎంత సాయం చేయాలో అది వేగం సంకేతాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది. తర్వాతి సర్వీస్ ఏరియాలోకి కారును తిప్పడానికి రెండు భుజాల బలమూ కావలసి వచ్చింది. ఇంటికి చేరేదాకా ముందు వెళ్తున్న లారీల వేగమే నాకు స్పీడోమీటర్.

కారణం పెట్టెలో లేదు, బిగించిన తీరులో ఉంది. ఆ దుకాణంవారు వైరును కోసి సోల్డర్ చేయకుండా, నొక్కితే బిగిసే చవక ట్యాప్ క్లిప్పుతో కలిపారు. అది ప్రయాణికుడి కాళ్ళ దగ్గరి వేడికి, కుదుపులకు వదులైంది. అంతకన్నా పెద్ద తప్పు, ఈసీయూకు వెళ్ళే కొమ్మను పట్టుకోవలసింది పోయి, మీటరుకూ స్టీరింగ్‌కూ సంకేతం చీలే చోటుకు ముందే కోశారు. అందుకే ఫుజిలో మీటరు అంకె పెట్టె హద్దు దగ్గర స్తంభించిపోయేది. నేను లాగర్ చూసుకుంటూ దాన్ని పట్టించుకోలేదు. మీటరు ఆగితే ఓడోమీటర్ కూడా ఆగుతుంది, జపాన్‌లో రెండేళ్ళకొకసారి జరిగే షాకెన్ తనిఖీలో కిలోమీటర్లు పత్రంలో నమోదవుతాయి కనుక, రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడికి అనుమానం రావడానికి అది చాలు. మా ఇంటి దగ్గరి ఒక ముసలి మెకానిక్ వైరింగ్ పటం పరుచుకుని, పాత అతుకులన్నీ తీసి సోల్డర్ చేసి, పెట్టెను ఈసీయూ పక్కకు మార్చాడు. ఆయన కూలీ పెట్టె ధరకన్నా ఎక్కువైంది, ఆ ఖర్చు పట్ల నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆనాడు మిత్రులకు చెప్పిన మాటను ఇప్పుడు కొంత సవరించవలసి ఉంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా కాక దాని ఘనంతో పెరుగుతుంది. 180కి కావలసినదానికన్నా 240కి 2.4 రెట్లు కావాలి. అందువల్ల 180 దాకా చకచకా వచ్చిన అంకెలు ఆపైన ఒక్కొక్కటిగా, బద్ధకంగా వస్తాయి. టర్బో కార్లకు బూస్ట్, అంటే గాలిని ఇంజిన్‌లోకి బలంగా నెట్టడం, కొంత తోడ్పడుతుంది. మన ఇంజిన్‌కు సముద్రమట్టం నుంచి 500 మీటర్లకు పైన ఉన్న ఫుజిలో గాలి కూడా కాస్త పలుచనే. ల్యాప్ సమయంలో నాకు మిగిలింది సెకనులో ఒక చిన్న భాగం. దానికి బదులుగా మొదటి మలుపు ముందు బ్రేకుల మీద పడిన భారం చిన్నది కాదు: 180 నుంచి ఆగడానికీ 205 నుంచి ఆగడానికీ బ్రేకులు మింగవలసిన శక్తిలో తేడా 30 శాతం దాకా ఉంటుంది, కంపెనీ ప్యాడ్లు మూడు నాలుగు చుట్లకే పెడల్‌ను మెత్తబరిచాయి. చివరకు ప్యాడ్లు, బ్రేకు ద్రవం మార్చాక గానీ ఐదో గేరు ధైర్యంగా వేయలేకపోయాను. గుడ్డ టాపు కూడా 190 దాటాక పైకి ఉబ్బి పటపటలాడుతుంది.

ఇంత జరిగాక పెట్టెను తీసేశానా అంటే, లేదు. ఫుజిలో వెనుకవాడికి తెలియకుండా ఇంధనం తెగిపోవడం కన్నా ఇది మేలనే నా అభిప్రాయం. అయితే నేను ఫుజికి గంటన్నర దూరంలో ఉంటాను, పెళ్ళాం పిల్లలు ఎక్కే కారు ఇంట్లో వేరే ఉంది, ఆఫీసుకు రైలులో వెళ్తాను. త్సుకుబాకో, కొండ దారులకో మాత్రమే వెళ్ళేవారు దీని జోలికి పోకుండా ఆ డబ్బును టైర్ల మీద పెట్టడం మంచిది. బిగించే తీరాలనుకుంటే బిల్లు మీద సంతకం చేసేముందు సంకేతం తీసుకున్నది ఏ వైరు నుంచో, అతుకు సోల్డర్ చేసినదేనా కాదా స్వయంగా వంగి చూసుకోండి. 2005 నవంబరు తర్వాత జపాన్‌లో వచ్చిన 2.2 లీటర్ల కారైతే థ్రాటిల్ ఎలక్ట్రానిక్ కనుక నేను చెప్పిన కుదుపు లెక్క దానికి ఇలాగే వర్తించదు. ఇండియాకు తిరిగి వెళ్ళేటట్టయితే నేను కారును ఇక్కడే అమ్మేస్తాను, అమ్మేముందు పెట్టె తీయించి వైరింగ్‌ను మొదటి స్థితికి తెప్పిస్తాను.