రెడీమేడ్ హార్డ్ డిస్కా, మనం బిగించుకున్న కేసింగా?

సీల్డ్ ప్యాక్‌లో పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొనేసి ఇంటికి తెచ్చుకోవడం ఒక దారి. డ్రైవ్ విడిగా, దాన్ని పెట్టి యూఎస్‌బీతో కలిపే కేసింగ్ (పెట్టె) విడిగా కొని మనమే బిగించుకోవడం ఇంకో దారి. సులువు మొదటిదే. అయినా వైజాగ్ ద్వారకానగర్‌లో ఏ కౌంటర్ దగ్గరైనా డబ్బులిచ్చే ముందు ఒక మాట అడగండి: "అన్నా, ఇందులో లోపల సాటా డ్రైవ్ ఉందా, బోర్డుకే యూఎస్‌బీ పోర్ట్ ఉంటుందా?"

సాటా అంటే డ్రైవ్‌ని కంప్యూటర్‌కో కేసింగ్‌కో కలిపే మామూలు కనెక్టర్, బోర్డంటే డ్రైవ్‌కి ఉండే సర్క్యూట్. ఇది ఎందుకు అడగాలంటే, డిస్క్ నిక్షేపంగా ఉన్నా కేబుల్ గుచ్చే పోర్ట్ వదులైపోవచ్చు. కేసింగ్‌లో పెట్టిన డ్రైవ్ అయితే నాలుగు స్క్రూలు విప్పి ఇంకో కేసింగ్‌లోకి మార్చేస్తే సరి, డేటా ఎక్కడికీ పోదు. డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ పోర్టబుల్ డ్రైవ్‌లు చాలావాటిలో ఆ వీలు లేదు. యూఎస్‌బీ పోర్ట్ డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, విడిగా సాటా కనెక్టర్ ఉండదు. మై పాస్‌పోర్ట్ లాంటివాటిలో డేటాను బోర్డే ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య సంకేతంగా మార్చి) రాస్తుంది కూడా. పోర్ట్ విరిగితే రికవరీ వాళ్ల చుట్టూ తిరగాల్సిందే.

వైజాగ్‌లో ఇది మరీ పట్టించుకోవాల్సిన విషయం. బీచ్‌రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌నే ఉప్పుగాలి తినేస్తుంది, సన్నటి కాంటాక్టులు ఒక లెక్కా? వాడనప్పుడు డ్రైవ్‌ని సిలికా జెల్ పొట్లంతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. హార్డ్ డిస్క్ మీద చిన్న గాలి రంధ్రం, దాన్ని మూయొద్దని రాసి ఉండటం చూసే ఉంటారు. దాని మీద స్టిక్కర్లు అంటించకండి.

ఇక స్పీడు. 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 120 ఎంబీ రాస్తుంది. తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే సాటా ఎస్‌ఎస్‌డీని మంచి యూఎస్‌బీ 3 కేసింగ్‌లో పెడితే 400 దాటుతుంది, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్లు) కేసింగ్‌లో 1,000 దాకా వెళ్తుంది. లాప్‌టాప్ నుంచి 100 జీబీ ఎక్కించడానికి హార్డ్ డిస్క్‌కు పావుగంట, సాటా ఎస్‌ఎస్‌డీకి నాలుగు నిమిషాలు. వినడానికి బ్రహ్మాండం. కానీ పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఇక్కడే ఒక మెలిక. కెమెరాలో ఎక్కువగా వాడే యూహెచ్‌ఎస్-1 రకం మెమరీ కార్డు మామూలు కార్డ్ రీడర్‌లో సెకనుకు 104 ఎంబీకి మించి ఇవ్వదు. రుషికొండలో షూట్ అయ్యాక కార్డు నుంచి నేరుగా కాపీ చేస్తే, హార్డ్ డిస్క్ పెట్టినా ఎన్‌వీఎంఈ పెట్టినా పట్టే టైమ్ దాదాపు ఒకటే. తేడా తెలిసేది ఆ డ్రైవ్ మీంచే ఎడిటింగ్ చేసినప్పుడు.

కుదుపుల దగ్గర మాత్రం ఎస్‌ఎస్‌డీకి తిరుగులేదు. అరకు రైల్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని హార్డ్ డిస్క్ తిప్పుతూ పని చేయడం కోరి టెన్షన్ తెచ్చుకోవడమే. బ్యాగులో ఆగి ఉన్నప్పుడు అంత భయం లేదు.

కేసింగ్ కొనేవాళ్లు మందం చూసుకోవాలి. మామూలు కేసింగ్‌లో 7 లేదా 9.5 మిల్లీమీటర్ల డ్రైవ్ పడుతుంది, 4, 5 టీబీలవి చాలావరకు 15 మిల్లీమీటర్లు ఉంటాయి. ఎం.2 స్టిక్ (సన్నటి పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీ) అయితే అది సాటానా, ఎన్‌వీఎంఈనా కనుక్కోండి. చూపుకు రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, కేసింగ్ మాత్రం ఒకదానికే పనిచేయవచ్చు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బి చిప్ ఉన్న కేసింగ్ రెండింటినీ తీసుకుంటుంది. ఎన్‌వీఎంఈకి అల్యూమినియం బాడీ, లోపల వేడిని బాడీకి చేరవేసే థర్మల్ ప్యాడ్ ఉండి తీరాలి. మే నెల ఉక్కపోతలో పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే వేడెక్కి స్పీడు పడిపోతుంది. 3.5 అంగుళాల డ్రైవ్ సంగతి మర్చిపోండి, 12 వోల్టుల అడాప్టర్ లేనిదే అది తిరగదు.

నన్నడిగితే, ఇంట్లో పిల్లల ఫొటోలు, పాత వీడియోలు దాచుకోవడానికి రెడీమేడ్ హార్డ్ డిస్కే మేలు. పెట్టిన డబ్బుకి ఎక్కువ టీబీలు వస్తాయి. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేయడం, అందులోనూ మన ఎండల్లో, మంచిది కాదు. పోర్ట్ భయం ఉంది కాబట్టి రెండో కాపీ తప్పనిసరి. రోజూ బ్యాగులో తిరుగుతూ, దాని మీదే పని చేసేవాళ్లకు సాటా ఎస్‌ఎస్‌డీ, కేసింగ్ చాలు. 4కే వీడియో రోజంతా ఎడిట్ చేసేవాళ్లు తప్ప ఎన్‌వీఎంఈకి అదనంగా పోయనక్కర్లేదు. పాత లాప్‌టాప్‌లోంచి తీసిన డిస్క్ మూల పడి ఉంటే అసలు ఆలోచించొద్దు, కొన్ని వందల కేసింగ్‌తో అదే పోర్టబుల్ అయిపోతుంది.

ఏది కొన్నా విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేయండి. పాత పద్ధతి ఫ్యాట్32 (FAT32) అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు.