జాగ్రత్త: "పాత సినిమాల నాటి పట్టుచీర" అని అనంతపురం, కడపల్లో అమ్ముతున్నవి కొనే ముందు

పెళ్ళి ఫొటోషూట్లకనీ, కాలేజీ ఫంక్షన్లకనీ పాతకాలం చీరలు వెతికేవాళ్ళు మన వైపు బాగా పెరిగారు. వాళ్ళ కోసమే వాట్సాప్ గ్రూపుల్లోనూ, రెండు రోజులుండి ఎత్తేసే ఎగ్జిబిషన్లలోనూ "1950ల నాటి అసలు వెండి జరీ", "షూటింగులో కట్టిన చీర" అని చెప్పి నాలుగు వేలకూ ఐదు వేలకూ అమ్ముతున్నారు. కొన్నవాళ్ళ చేతికొస్తున్నది చాలాసార్లు ఈమధ్యే మరమగ్గం మీద నేసి, టీ డికాషన్‌లో ముంచి పాతదానిలా చేసిన చీర. రెండోసారి కట్టేసరికి మడత దగ్గర పగులుతుంది, జరీ పొట్టులా రాలుతుంది. అప్పటికి అమ్మినవాళ్ళ ఫోను పనిచేయదు.

ముందు ధర సంగతి. జరీని మార్కుల లెక్కన కొంటారు, మార్కు అంటే సుమారు 240 గ్రాములు. అసలు జరీలో దాదాపు సగం బరువు వెండే. అంటే మార్కు జరీ పట్టిన చీరలో 120 గ్రాముల వెండి ఉన్నట్టు. గ్రాము వంద రూపాయలే వేసుకున్నా వెండి ఒక్కటే పన్నెండు వేలు. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగేవాళ్ళు కొనేది ఆ వెండి కోసమే, చీరను కాల్చి దాన్ని తీసుకుంటారు. అలాంటప్పుడు నిండు జరీ అంచు, పెద్ద కొంగు ఉన్న అసలు పాత చీర ఐదు వేలకు మీ దాకా రాదు. ధర వినగానే ఈ లెక్క వేసుకోండి, సగం మోసాలు అక్కడే తేలిపోతాయి.

జరీని చేత్తో చూసి తేల్చే పద్ధతి ఉంది. కొంగు వెనకవైపు వేలాడే పోగు ఒక్కటి అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. ఆ పోగును గోళ్ళ మధ్య పట్టి పురి విప్పితే సన్నటి లోహపు రేకు, లోపల పట్టు దారం విడివిడిగా కనబడాలి. రేకును గరుకు రాయి మీద గీయండి. బంగారు పూత కింద తెల్లగా వస్తే సంతోషించి ఆగిపోవద్దు, ఇంకో నాలుగుసార్లు గీయండి. రాగి తీగకు వెండి పూత పూసి, దాని మీద బంగారు రంగు ఎక్కించిన జరీ కూడా మొదట తెల్లగానే కనబడుతుంది, ఎరుపు తర్వాత బయటపడుతుంది. చాలామంది మోసపోయేది సరిగ్గా ఇక్కడే. ఇక ప్లాస్టిక్ జరీ అయితే అగ్గిపుల్ల చూపగానే ముడుచుకుని ఉండ కడుతుంది. పోగును చీరకు దూరంగా, పళ్ళెంలో పెట్టి కాల్చండి. పది వేలు దాటిన బేరమైతే బంగారానికి హాల్‌మార్క్ వేసే సెంటరుకు తీసుకెళ్ళండి, అక్కడి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఏ లోహం ఎంత శాతం ఉందో చూపిస్తుంది.

పట్టు దారానిదీ ఇదే దారి. కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి. కాగితం కాలిన వాసనైతే రేయాన్. గట్టి నల్లపూస మిగిలితే పాలిస్టర్. పట్టు అసలుదైనంత మాత్రాన చేనేత అయిపోదు, మరమగ్గం మీదా నిజమైన పట్టు నేస్తారు.

అంచు, బాడీ వేరు రంగుల్లో ఉన్న పాత ధర్మవరం చీర అని చూపిస్తే తిరగేసి చూడండి. మూడు నాడెలతో (పేకను, అంటే అడ్డదారాన్ని, అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్లు) నేసిన కుట్టు అంచులో అంచు పేక, బాడీ పేక ఒకదానికొకటి మెలేసుకున్న గీత వెనకవైపు తెలుస్తుంది, రెండు రంగులూ కలవకుండా నిలుస్తాయి. మరమగ్గం చీరలో బాడీ పేక అంచులోకి కూడా పోతుంది, అంచు రంగులో ఆ ఛాయ కలుస్తుంది. అంచు చివర చూడండి. నాడె తిరిగిన చోట పోగు మడత పడి నున్నగా ఉండాలి. కత్తిరించిన పోగులు కుచ్చులా నిలబడితే అది నాడె లేని మగ్గం బట్ట, 1950ల చీరకు ఆ అవకాశమే లేదు. అంచు పొడుగునా సూది రంధ్రాలు చూపించి "చేనేత గుర్తు" అంటారు. బట్టను సాచి పట్టే సూదులు మరమగ్గాలకూ ఉంటాయి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పాతబడటం ఎలా ఉంటుందో కళ్ళకు అలవాటు చేసుకోవాలి. బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న చీర మడత గీతల వెంట, బయటి పొర మీద ఎక్కువ వెలుస్తుంది. లోపలి పొరల్లో రంగు నిండుగా ఉంటుంది. టీలో ముంచినది అంతటా ఒకే గోధుమరంగు. ఫాల్ కుట్టి ఉంటే ఒక జానెడు విప్పించి చూడండి: దాని కింద రంగు ముదురుగా ఉండాలి. కుట్టు దారం తెల్లగా మెరుస్తూ ఉంటే అది పాలిస్టర్ దారం, దానికి టీ రంగు అంటదు. కలరా ఉండల వాసన ఏ రుజువూ కాదు, నాలుగు రోజులు సంచిలో వేసి కడితే ఏ బట్టకైనా పడుతుంది. అన్నిటికన్నా చెడ్డది బ్లీచింగ్. క్లోరిన్ పట్టును తినేస్తుంది, చీర చూడ్డానికి బాగానే ఉండి కట్టినప్పుడు పర్రున చిరుగుతుంది. వెలుగుకు ఎదురుగా పట్టి మడత గీతల దగ్గర చిన్న చిన్న పగుళ్ళున్నాయేమో తప్పక చూడండి.

"ఫలానా పాత సినిమాలో హీరోయిన్ కట్టిన రంగే" అనే మాట అసలు నమ్మొద్దు. పూర్తి నిడివి రంగుల సినిమా తెలుగులో 1963లో లవకుశతో మొదలైంది. అంతకుముందువన్నీ దాదాపు నలుపు తెలుపే, అందులో చీర ఏ రంగో తెరమీద చూసి చెప్పలేం. ఇప్పటి సినిమాల్లో కనిపించే పాతకాలం చీరలు కూడా చాలావరకు ఆ సినిమా కోసం కొత్తగా నేయించినవే. వస్త్రాలంకరణకు జాతీయ అవార్డు పొందిన 2018 నాటి మహానటి చూసి "అలాంటిదే, ఆ కాలానిదే" అని అమ్మితే, "అలాంటిదే" వేరు, "ఆ కాలానిదే" వేరు. నిజంగా షూటింగులో వాడిన దుస్తులే దొరికినా, అవి కెమెరాకు కనబడేందుకు చేసినవి. జరీ బదులు ఫాయిల్ ముద్ర, గమ్ముతో అతికించిన రాళ్ళు ఉంటాయి, ఒక్క ఉతుకుకు నిలవవు. నిర్మాణ సంస్థ ఇచ్చిన కాగితం లేకుండా సినిమా పేరుకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

బుట్ట చేతుల రవికలు, కోట్లు పాతవని అమ్మితే ప్లాస్టిక్ జిప్పు, వెల్క్రో ఉన్నాయేమో చూడండి. ఉంటే 1950ల కుట్టు కాదు. దొంగనోట్లు పట్టే నీలి దీపం కింద కుట్టు దారం మెరిస్తే కొత్తదని అనుమానించాలి. బట్ట మెరిస్తే మాత్రం తేల్చలేం, ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది.

అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ 2004లో మొదలైంది. "1950ల చీర" మీద ఆ లేబుల్ వేలాడుతుంటే రెండింటిలో ఒకటి అబద్ధం. పైగా అది చెప్పేది పట్టు గురించే, జరీ గురించి కాదు, చేనేత గురించి కాదు.

బిల్లులో "పట్టుచీర" అని రాస్తే సరిపోదు. పట్టు శాతం, జరీ రకం, చేనేతా కాదా, ఏ కాలం నాటిదని అమ్ముతున్నారో అన్నీ రాయించండి. పార్శిల్ వస్తే విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి. ఇప్పటికే మోసపోయి ఉంటే చీరను ఉతకొద్దు, తడిస్తే పట్టు బలం తగ్గుతుంది, సాక్ష్యమూ పోతుంది. విడి పోగులు ఒక కవరులో దాచి, చాటింగ్, డబ్బు పంపిన రసీదు స్క్రీన్‌షాట్లు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు.