పెద్ద రాకెట్, తక్కువ ఎత్తు: చాలాకాలం వాడాక నా సమీక్ష

మా నీళ్ల రాకెట్ నిలబెడితే నా ఛాతీ దాకా వస్తుంది. ఎగిరేది మాత్రం 30 మీటర్లు, అటూ ఇటూగా పదంతస్తుల ఎత్తు. కావాలనే అంతకు మించి పోనివ్వం. నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల చెలకల్లో బడి పిల్లలతో కలిసి కొన్నేళ్లుగా దీన్ని ఎగరేస్తున్నాను. పిల్లలకు రాకెట్ అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు ఇంతవరకూ దొరకలేదు.

పెద్ద రాకెట్‌ను కావాలనే తక్కువ ఎత్తుకు ఎగరేసే ఈ ఆలోచన అమెరికాలో హై పవర్ రాకెట్లు ఎగరేసేవాళ్లది. మోటారు, అంటే రాకెట్‌లో మండే మందు గొట్టం, దాని మొత్తం ఇంపల్స్ (నెట్టే బలాన్ని అది మండే సమయంతో గుణించిన లెక్క) 160 న్యూటన్ సెకన్లు దాటితే అక్కడ హై పవర్ కింద లెక్క. ట్రిపోలి, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ లాంటి సంఘాల సర్టిఫికెట్ ఉంటేనే అలాంటి మోటారు అమ్ముతారు. దాంతో సన్నటి రాకెట్ కిలోమీటరు ఎత్తు సులువుగా దాటిపోతుంది. అయినా కొందరు లావుపాటి, బరువైన రాకెట్లు కట్టి కొన్ని వందల అడుగులకే ఆపుతారు. పొలం చిన్నదైనా సరిపోతుంది, మొదటి నుంచి చివరిదాకా అంతా కళ్ల ముందే జరుగుతుంది. మన ఊళ్లల్లో ఆ మోటార్లు అంగట్లో దొరకవు. సొంతంగా మందు కూరడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వచ్చే పని, పైగా ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే పద్ధతి వాళ్లది తీసుకుని, బలం నీళ్లూ గాలిదీ పెట్టుకున్నాం.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్లు మూడు ఒకదానికొకటి అతికించి లోపల ట్యాంకు. దాని చుట్టూ జానెడు వెడల్పు గొట్టం, కింద రెక్కలు. రెండూ ఎన్నికలయ్యాక మిగిలిపోయిన ఫ్లూట్ బోర్డులతోనే (ప్రచారానికి వాడే ప్లాస్టిక్ అట్టలు) చేశాం. ఖాళీ బరువు కిలో, పోసే నీళ్లు రెండు లీటర్లు. బాటిల్ మూతి దగ్గర ఉండే అంచును చుట్టూరా కేబుల్ టైల తలకాయలు పట్టుకుని ఉంటాయి. వాటి మీద తొడిగిన పీవీసీ గొట్టం ముక్కను దూరం నుంచి తాడుతో కిందికి లాగితే అన్నీ ఒక్కసారే వదిలేస్తాయి. పంపుతో లోపల నింపిన గాలి నెట్టడంతో నీళ్లు మూతిలోంచి కిందికి చిమ్ముతాయి, రాకెట్ పైకి లేస్తుంది. పావు సెకనులో నీళ్లన్నీ అయిపోతాయి. కింద నేల గుంట పడుతుంది, ఎర్రమట్టి చిమ్ముతుంది.

అసలు చెప్పాలనుకున్న సంగతి ఇది. ఎత్తు తగ్గించాలంటే బాటిల్లో కొట్టే గాలి తగ్గిస్తే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది చెయ్యకూడదు. 60 పాయింట్ల (పీఎస్ఐ) గాలి పెడితే బాటిల్ మూతి దగ్గర తోపు, అంటే రాకెట్‌ను పైకి నెట్టే బలం, దాదాపు 30 కిలోలు ఉంటుంది. నీళ్లతో కలిపి రాకెట్ బరువు మూడు కిలోలు, అంటే బరువుకు పది రెట్ల తోపు. లేచేటప్పుడు రాకెట్‌ను నిటారుగా పట్టి ఉంచే మీటరున్నర గైడ్ రాడ్ వదిలేసరికి సెకనుకు 16 మీటర్ల వేగం అందుకుంటుంది. అంత వేగం ఉంటే రెక్కలకు గాలి పట్టు దొరికి రాకెట్ నిటారుగా పోతుంది. అదే బాటిల్లో గాలి సగానికి తగ్గిస్తే వేగం 11 దగ్గరే ఆగిపోతుంది. ఆ నెమ్మదిలో ఈదురుగాలి ఏ పక్క నుంచి వస్తే ఆ పక్కకే ముక్కు తిప్పుకుని అడ్డంగా పరుగు తీస్తుంది. తక్కువ ఎత్తులో అడ్డంగా పోయే కిలో బరువు చాలా ప్రమాదం. కాబట్టి తోపు గట్టిగానే ఉంచాలి, బరువు పెంచాలి, ఒళ్లు లావు చెయ్యాలి. మిగతా పని గాలి ఒరిపిడి చూసుకుంటుంది. హై పవర్ వాళ్లు కూడా తక్కువ ఎత్తు కోసం బలహీనమైన మోటారు పెట్టరు. తోపు ఎక్కువగా ఉండి త్వరగా మండిపోయేదాన్ని ఎంచుకుంటారు. తోపు బరువుకు కనీసం అయిదు రెట్లు ఉండాలన్నది వాళ్లు పాటించే లెక్క.

ఒకసారి పల్లి చేను రైతు గట్టు మీద నిలబడి అంతా చూసి, "గింత పెద్దది గంతేనా పోయేది సారూ?" అని అడిగాడు. ఆయనకు చేను చూపించే జవాబు చెప్పాను. పారాచూట్ సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగుతుందనుకుందాం, గాలి సెకనుకు 3 మీటర్లు వీస్తోందనుకుందాం. 300 మీటర్ల నుంచి దిగితే 180 మీటర్లు కొట్టుకుపోతుంది. ఆ దూరంలో బత్తాయి తోట ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 11 కేవీ తీగలున్నాయి. 30 మీటర్ల నుంచి దిగితే కొట్టుకుపోయేది 18 మీటర్లే, ఆయన చేను దాటదు. పల్లి పీకాక, పత్తి కట్టె తీసేశాక పొద్దున్నే గాలి లేవకముందు ఎగరేస్తే ఇంకా నయం.

తక్కువ ఎత్తులో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పారాచూటే. నీళ్లయిపోయాక పైకి చేరడానికి రెండు సెకన్లు, తెరుచుకోకపోతే నేలకు కొట్టుకోవడానికి ఇంకో రెండున్నర. పాత గొడుగు గుడ్డతో కుట్టిన మీటరు వెడల్పు పారాచూట్ కిలో బరువుకు సరిగ్గా సరిపోతోంది. ముక్కు మూత తెరవడానికి చిన్న సర్వో (చెప్పినంత మేర తిరిగే మోటారు), దాన్ని నడిపే ఆర్డుయినో (చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టాం. గాలి ఒత్తిడి చూసి శిఖరం కనిపెట్టే సెన్సర్ కూడా ఉంది కానీ, మూత తెరిచే పని దానికి అప్పగించలేదు. అంకెలు సర్దుకుని నమ్మేసరికి అది కాస్త ఆలస్యం చేస్తుంది. కిలోమీటరు ఎత్తులో ఆ ఆలస్యం లెక్కలోకే రాదు, 30 మీటర్లలో వస్తుంది. అందుకే మూత తెరిచేది టైమర్, ఎత్తు రాసిపెట్టేది సెన్సర్. ఈ పంపకం ఇంతవరకూ బాగా నడుస్తోంది.

వాడగా వాడగా తెలిసినవి కొన్ని. బాటిల్ మీద తెల్లటి గీతలు కనిపిస్తే ఇంక దాన్ని పక్కన పెట్టెయ్యాల్సిందే. అతికిన ట్యాంకును ప్రతి సీజన్ మొదట్లో నిండా నీళ్లు పోసి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తాం. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి పగిలినా పేలినట్టు ఉండదు, చీలి కారిపోతుంది. ఎండాకాలం కారులో వదిలేస్తే అతుకు మెత్తబడుతుంది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, బాటిల్ మూతి దగ్గర గాలి పోకుండా ఆపే ఓ-రింగు (రబ్బరు రింగు) మీద తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని తుడవకపోతే గాలి కారుతుంది. 20 లీటర్ల వాటర్ క్యాన్‌కు గాలి కొట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అది ఒత్తిడి కోసం చేసిన వస్తువు కాదు. గాలి కొట్టేవాళ్లు రాకెట్‌కు దూరంగా ఉండేలా పంపు పైపు పది మీటర్లకు తక్కువ ఉండకూడదు.

ఇబ్బంది అంటే పంపు కొట్టడమే. ఒక్క ఎగురుడుకు సైకిల్ పంపు యాభై అరవై సార్లు కొట్టాలి, పిల్లలు వంతులు వేసుకుంటారు. గాలి నింపే చిన్న కంప్రెసర్ ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు. ఎత్తుల రికార్డులు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు, వాళ్లు తేలికపాటి సన్న రాకెట్ కట్టుకోవడం మేలు. పత్తి కట్టె తీశాక ఈసారి నాలుగో బాటిల్ అతికిస్తున్నాం. దానికి తగ్గట్టు బరువూ ఒళ్లూ పెంచి, ఎత్తును 30 మీటర్ల దగ్గరే ఉంచాలని లెక్కలు వేస్తున్నాం.