మార్క్ ఆంథొనీ మొదటి సల్సా ఆల్బమ్ "ఒత్రా నోతా" (1993), పాత సీడీ కొని విన్నాక

అమెరికన్ సింగర్ మార్క్ ఆంథొనీ అంటే చాలామందికి 1999లో వచ్చిన "ఐ నీడ్ టు నో" పాట, మొన్నటిదాకా నాకూ అంతే తెలుసు. న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర పాత సీడీలు అమ్మే షాపు ఒకటుంది, అక్కడ అట్టపెట్టెలో కెలుకుతుంటే ఈ సీడీ దొరికింది, 3 డాలర్లు. మూత పగిలిపోయింది, లోపల ఉండాల్సిన పాటల కాయితం లేదు, అడిగితే వచ్చిందే అలా వచ్చింది అన్నారు. డిస్క్ మీద మాత్రం ఒక్క గీత లేదు, మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా ఆడింది.

ఇతను న్యూయార్క్‌లోనే పుట్టాడు, 1968లో, అమ్మానాన్నలది ప్యూర్టో రికో. అసలు పేరు మార్కో ఆంతోనియో మునీస్, మెక్సికోలో ఆ పేరుతో అప్పటికే పెద్ద సింగర్ ఉన్నాడు, ఇంట్లో ఆయన పేరే పెట్టారు, అందుకే పాడ్డం మొదలుపెట్టాక ఇలా మార్చుకున్నాడు. మొదట్లో సల్సాతో, అంటే స్పానిష్‌లో పాడే లాటిన్ డాన్స్ సంగీతంతో, సంబంధమే లేదు. 80ల చివర్లో న్యూయార్క్ క్లబ్బుల్లో ఫ్రీస్టైల్ అని డాన్స్ పాటలు నడిచేవి, వాటిల్లో వెనక గొంతులు పాడటం, వేరేవాళ్ళకి పాటలు రాయడం చేసేవాడు. 1991లో లిటిల్ లూయీ వేగా అనే డీజేతో కలిసి ఇంగ్లీష్‌లో ఒక డాన్స్ ఆల్బమ్ చేశాడు, అందులో "రైడ్ ఆన్ ద రిథమ్" బిల్‌బోర్డ్ డాన్స్ చార్ట్‌లో ఒకటో నంబర్‌కి వెళ్ళింది కూడా. సల్సా పాడమంటే నాకొద్దు అన్నాడంట. తర్వాత ఒకరోజు కార్లో వెళ్తుంటే రేడియోలో మెక్సికో సింగర్ హువాన్ గాబ్రియేల్ పాట "ఆస్తా కే తే కొనోసీ" వచ్చింది, అది విని ఇదే పాట సల్సాలో పాడతా అని మేనేజర్‌కి చెప్పాడు. ఆ తర్వాత రాల్ఫ్ మెర్కాడో రికార్డు కంపెనీ ఆర్ఎంఎం, ప్రొడ్యూసర్ సెర్జియో జార్జ్, ఈ ఆల్బమ్.

సీడీ కొనడానికి ఆ "ఆస్తా కే తే కొనోసీ" ఒక్క పాట చాలు, నిజంగా చెప్తున్నా. మెల్లగా మొదలవుతుంది, తాళం లేదు, ఎవరో పక్కన కూర్చుని బాధ చెప్పుకుంటున్నట్టు పాడతాడు, నిన్ను కలిసేదాకా నాకు దుఃఖమంటే తెలీదు అని పాట సారం, సరే ఇది మెలోడీ అనుకునేలోపు కాంగాలూ (చేత్తో వాయించే పొడుగాటి డ్రమ్ములు) బాకాలూ ఒక్కసారిగా అందుకుంటాయి. ఇంక రెండో సగం గురించి చెప్పాలి. సల్సా పాటల్లో రెండో సగాన్ని మొంతూనో అంటారు, కోరస్ వాళ్ళు ఒకటే లైను మళ్ళీ మళ్ళీ అంటుంటే మధ్యమధ్యలో సింగర్ తన మాటలు తను కల్పించి వేస్తాడు. బుర్రకథలో వంతలు తందాన తాన అంటుంటే కథకుడు కథ నడిపిస్తాడు చూడండి, దాదాపు అలాగే. ఇక్కడే 24 ఏళ్ళ కుర్రాడి గొంతు ఎక్కడుందో తెలుస్తుంది. పై స్థాయిలో పట్టుకుంటే వదలడు, ఆ బాధ వినేవాళ్ళకి ఆనుతుంది, కానీ కోరస్ మధ్యలో వేసే మాటల్లో ఇంకా భయం ఉంది, తాళం మీద వాలిపోయి పాడతాడు, తాళంతో ఆడుకోడు. నాకైతే అది లోపంలా అనిపించలేదు, నేర్చుకుంటున్న మనిషి గొంతు అలా రికార్డయి దొరకడం అదృష్టం.

"సీ తూ నో తే ఫ్వేరాస్" కూడా బావుంది, పియానో ఒకటే గతిని తిప్పి తిప్పి వాయిస్తుంటే కాలు ఆగదు. "మేక్ ఇట్ విత్ యూ" అని పాత ఇంగ్లీష్ పాటని సల్సాలో పెట్టారు, అది మాత్రం నాకు అతకలేదు. కొన్నిచోట్ల కీబోర్డు సౌండ్ మరీ ఆ కాలం నాటిది. ఇంకో రెండు మూడు పాటలు ఒకదాని తర్వాత ఒకటి వింటే ఏది ఏదో కలిసిపోతాయి.

దీనికి ముందు ఇంకోటి విని తర్వాత ఇది వినాలా అంటే వద్దు, దీంతోనే మొదలెట్టండి. తర్వాత లా ఇండియా అనే సింగర్‌తో కలిసి పాడిన "వివీర్ లో న్వేస్త్రో" వినండి, ఆవిడ కూడా డాన్స్ పాటల్లోంచే సల్సాలోకి వచ్చింది, ఇద్దరూ పోటీపడి పాడతారు. ఆ తర్వాత 1995 ఆల్బమ్ "తోదో ఆ సు త్యెంపో", ప్రొడ్యూసర్ మళ్ళీ సెర్జియో జార్జే. రెండేళ్ళలో ఎంత తేడానో, నేను పైన చెప్పిన భయం అందులో వెతికినా కనిపించదు, కోరస్ వాళ్ళకంటే ముందే అందుకుని మళ్ళీ వెనక్కొచ్చి కలుస్తాడు.

ఆల్బమ్‌కి 5కి 4 ఇస్తా. పగిలిన మూత తీసేసి ఇంట్లో ఉన్న ఖాళీ కేసులో పెట్టుకున్నా, ఇప్పుడు కార్లోనే ఉంటోంది.