ఆక్టేవియా కాంబికి లోయరింగ్ స్ప్రింగులు: నిండు బండితో చానా రోజులు నడిపినంక నా రివ్యూ

ఇది ఫొటోల కోసం బండిని నేలకి అతికించుకునేటోళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదు, ముందే చెప్తున్న. ఇంట్ల ఐదుగురు, డిక్కీ నిండ సామాను, వెనక సీట్ల బాపు నడుం నొప్పి, ఇదంత ఉండి గూడ లోయరింగ్ స్ప్రింగులు, అంటే పొట్టి స్ప్రింగులు ఏసి బండి జెర కిందికి దించుకుంటే మంచిగుంటదేమో అని ఆలోచించేటోళ్లకి రాస్తున్న. అసలు ముచ్చట గూడ ఇక్కడ్నే చెప్పేస్త: డబ్బా మీద ఎన్ని మిల్లీమీటర్లు దించుతది అని రాసిండ్రో చూసి స్ప్రింగు కొనొద్దు, మీ బండి వెనక ఇరుసు మీద నిండు లోడ్‌ల ఎంత బరువు పడ్తదో చూసి కొనాలె. సెడాన్ల దీని గురించి అంత పరేషాన్ అవసరం లేదు, ఎస్టేట్‌ల (పైకప్పు డిక్కీ మీద దాక పొడుగున్న బండి, కాంబి అన్నా అదే) మాత్రం కథంత వెనకనే ఉంటది.

నాది మొదటి తరం స్కోడా ఆక్టేవియా కాంబి, 1.9 టీడీఐ. మన దగ్గర ఎస్టేట్ బండ్లు ఎప్పుడూ నడవలె, టాటా ఎస్టేట్, ఒపెల్ కోర్సా స్వింగ్, బలేనో ఆల్టురా, ఇండిగో మెరీనా అన్నీ వచ్చినయి పోయినయి, జనాలకి వెనక పొడుగుంటే నచ్చది. కొన్న కొత్తల మా బామ్మర్ది చూసి అంబులెన్స్ లెక్క ఉంది బావా అన్నడు, ఇప్పుడు ఇల్లు మారితే మాత్రం ముందు నాకే ఫోన్ చేస్తడు. డిక్కీ 548 లీటర్లు, సీటు మడిస్తే ఫ్రిజ్ గూడ పండుకుంటది.

మరి ఎందుకు దించాలె అంటే, హన్మకొండ నుంచి హైదరాబాద్ రోడ్డు ఫోర్ లేన్ అయినంక స్పీడ్లు పెరిగినయి, స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక లారీని దాటేసి మళ్లీ లేన్‌లకి వచ్చేటప్పుడు బండి వెనక భాగం ఒకసారి అటు ఒకసారి ఇటు ఊగేది, ముందు కూసున్న నాకు అంత తెల్వది గని వెనక సీట్ల అవ్వకి జనగామ రాకముందే వాంతులు. షాకర్లు మార్చి చూసిన, సగం తగ్గింది. యూరప్ కంపెనీలు మన అసొంటి రోడ్లున్న దేశాలకి రఫ్ రోడ్ సెటప్ అని ఎత్తు పెంచి ఇస్తయి, టైరుకి మడ్‌గార్డుకి నడుమ నాలుగు వేళ్లు పట్టే ఖాళీ అందుకే. మిగిలిన ఊపు ఆ ఎత్తుదే అని అర్థమైంది.

ఇగ ఆ మిల్లీమీటర్ల సంగతి. చానా మంది 30 మి.మీ స్ప్రింగు అంటే ఇప్పుడున్న ఎత్తుల నుంచి 30 తగ్గుతది అనుకుంటరు. కాదు. ఐబాక్ అయినా హెచ్ అండ్ ఆర్ అయినా జర్మనీ కంపెనీలు చెప్పే ఆ నంబర్ అక్కడి మామూలు బండి ఎత్తు నుంచి లెక్క కట్టింది. స్ప్రింగు ఎంత ఎత్తుల నిలబడాల్నో అంతనే నిలబడ్తది, అంతకు ముందు మీ బండి ఎంత ఎత్తున్నదో దానికి తెల్వది కదా. మీది రఫ్ రోడ్ బండి అయితే అదే 30 స్ప్రింగు ఏస్తే 40, 45 గూడ తగ్గొచ్చు. నాకు ముందు వైపు 40 దాకా తగ్గింది, ఇది ముందే లెక్కల పెట్టుకున్న కాబట్టి అందరికన్న తక్కువ దించే రకం తీసుకున్న. కొలిచేటప్పుడు నేల నుంచి కొలవొద్దు, టైర్ల గాలి తేడా ఉన్నా లెక్క తప్పుతది, చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు దిక్కులా కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండ్రి. కొత్త స్ప్రింగు ఏసినంక కొన్ని వందల కిలోమీటర్లకి ఇంకో రెండు మూడు మి.మీ కూసుంటది, అప్పుడు ఈ కాగితం పనికొస్తది.

ఇంకోటి, పెట్రోల్ బండికి డీజిల్ బండికి ముందు స్ప్రింగు ఒకటి కాదు, డీజిల్ ఇంజన్ బరువెక్కువ. హ్యాచ్‌కి ఎస్టేట్‌కి వెనక స్ప్రింగు ఒకటి కాదు. మంచి కంపెనీ అయితే కిట్ కాగితంల ముందు ఇరుసుకి ఎన్ని కిలోల దాకా, వెనక ఇరుసుకి ఎన్ని కిలోల దాకా అని స్పష్టంగ రాస్తరు. బండి ప్లేట్ మీద 1 అని ఒక బరువు, 2 అని ఒక బరువు ఉంటే అవే ముందు ఇరుసు, వెనక ఇరుసు లిమిట్లు, ఆ రెండిటిని ఈ కాగితంతో కలిపి చూడాలె. హైదరాబాద్‌ల ఒక షాపాయన ఆక్టేవియాది ఆక్టేవియాకే కదా సార్ అని సెడాన్ లెక్క కనిపించేదానికి వచ్చే కిట్ అంటగట్ట చూసిండు, కాగితం అడిగితే లేదన్నడు, నేను గూడ వద్దన్న.

వెనక గట్టిదనం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క చెప్త, బోర్ కొట్టినా చదవండ్రి. ఒక్కో వెనక స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అనుకుందాం, వెనక ఇరుసు మీద అదనంగ 200 కిలోలు పడితే ఒక్కో వైపు 100, అంటే దాదాపు 980 న్యూటన్లు, బండి వెనక 39 మి.మీ కూసుంటది. స్ప్రింగు 35 న్యూటన్లదైతే 28 మి.మీ మాత్రమే. ఇప్పుడు ఈ 35ది బండిని ఖాళీల 30 దించింది అనుకుంటే, నిండినంక మొత్తం 58, పాతదాంతో 39, అంటే తేడా 19 మాత్రమే. అదే పొట్టిగ చేసి గట్టిదనం పెంచని చవక స్ప్రింగు అయితే 30కి 39 కలిస్తే 69, ఇగ బంప్ స్టాపర్ (స్ప్రింగు బాగ నొక్కుకున్నప్పుడు తగిలే రబ్బరు దిమ్మె) మీదనే ప్రయాణం. ఖాళీగున్నప్పుడు రెండు బండ్లూ పక్కపక్కన పెడితే ఒక్క తీరే కనిపిస్తయి, నాలుగు మూటలు ఏసినంక అసలు రంగు బయటపడ్తది. ఈ అంకెలు ఉదాహరణకే, మీ బండివి వేరే ఉంటయి, లెక్క తీరు మాత్రం ఇదే.

నా బండికి అసలు పరీక్ష మేడారంల అయింది. 2024 జాతరకి మా అక్క నిలువెత్తు బంగారం మొక్కు, మా అక్క బక్క మనిషేం కాదు, ఆమె బరువంత బెల్లం (అక్కడ బంగారం అంటే బెల్లమే) డిక్కీల, దాని పక్కన వంట గిన్నెలు, బియ్యం, ఒక గంపల రెండు కోళ్లు, ఐదుగురం మనుషులం. డిక్కీ బరువు ఇరుసు కన్న వెనకకి ఉంటది కాబట్టి ఎంత బరువు పెట్టినమో అంతకన్న ఎక్కువ వెనక ఇరుసు మీద పడ్తది, ముందు భాగం లేస్తది గూడ. ములుగు దాక రోడ్డు మంచిదే, పస్రా నుంచి అడవిల జాతర ట్రాఫిక్, ఆఖరుకి పార్కింగ్ అని దున్నిన పొలంలకి తోలిండ్రు. ఒడ్డు దిగేటప్పుడు ముందు బంపర్ కింద మట్టి గీకింది, వెనక మాత్రం ఒక్కసారి గూడ టప్పుమని స్టాపర్ కొట్టలె. పాత సెటప్‌తో ఇదే లోడ్‌ల ఊగుడు ఎట్లుండేదో నాకు ఎరుకే, ఈసారి అవ్వ తాడ్వాయి దాక నిద్రపోయింది, నాకు అదే పెద్ద సర్టిఫికెట్.

స్ప్రింగు కోపిచ్చుకుంటే అయిపాయె కదా అనేటోళ్లు వరంగల్‌ల గల్లీకొకరు ఉన్నరు. ఒక చుట్టు కోస్తే స్ప్రింగు కొన భాగం సీటుల సక్కగ కూసోదు, బండి లేపినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరుగుతది, గ్యాస్‌తో కాల్చి కూర్చోబెడితే ఇనుముకి ఉన్న టెంపర్ పోతది, ఎప్పుడు కుంగుతదో తెల్వది. పిల్లలు కూసునే బండికి ఇది వద్దే వద్దు, దీని మీద ఇంక మాట్లాడ. కాయిలోవర్లు (మరలు తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకర్ సెట్లు) మస్తుంటయి గని మన దుమ్ము, వానకాలం బురదకి దాని మరలు పట్టేస్తయి, ఇంటి బండికి అంత ఖర్చు దండగ అనిపించింది.

నేను ఏసింది జర్మన్ కంపెనీ ప్రోగ్రెసివ్ రకం, పేరు మీద కొట్లాటలొద్దని రాస్తలేను. ప్రోగ్రెసివ్ అంటే కొన్ని చుట్లు దగ్గర దగ్గరగ ఉంటయి, మెత్తగ ముందు అవే నొక్కుకుంటయి, బరువు పెరిగినకొద్ది మిగిలిన గట్టి చుట్లే పని చేస్తయి. ఖాళీల మెత్తగ, లోడ్‌ల గట్టిగ, ఎస్టేట్‌కి ఇదే కావాల్సింది. కాకుంటే ఖాళీ బండితో హన్మకొండ చౌరస్తా దిక్కు అతుకులేసిన రోడ్డు మీద పోతుంటే వెనక జెర టకటక ఉంటది, డిక్కీల ఏమన్న బరువుంటే ఆ చప్పుడు పోతది. షాకర్లు గూడ పొట్టివి కావాలె, బిల్‌స్టీన్‌ల అయితే బి6 స్టాక్ ఎత్తుకి, బి8 దించిన బండికి, ఈ తేడా తెల్వక చానా మంది తప్పుడు డబ్బా కొంటరు.

ఫిటింగ్ గురించి. ఈ బండికి వెనక స్ప్రింగు వేరే, షాకర్ వేరే, షాకర్ కింది బోల్ట్ ఇప్పి బీమ్ (రెండు వెనక చక్రాలని కలిపే అడ్డ దూలం) కిందికి దించితే స్ప్రింగు చేతికొస్తది. ముందు మాత్రం స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ కలిసి ఉండే భాగం) ఇప్పాలె, స్ప్రింగు కంప్రెసర్ లేని కాడ చెయ్యించకండ్రి, నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి పాణమే పోతది. పైన మౌంట్, బేరింగు పాతవి ఉంటే అప్పుడే కొత్తవి ఏయించండ్రి, మళ్లీ అదే కూలి పెట్టుడెందుకు. అన్నిటికన్న ముఖ్యం, లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక బీమ్ బోల్టులు బండి జాక్ మీద ఉన్నప్పుడు ఫైనల్ టైట్ చెయ్యొద్దు, చక్రాలు నేల మీద ఆనినంకనే చెయ్యాలె. లేకుంటే రబ్బరు బుష్ మెలి తిరిగి అట్లనే ఉండిపోతది, జల్ది చినుగుతది. నా ముందర్నే ఇంకో బండికి గాల్లనే టైట్ చేస్తుంటే చూసి, నాది దించినంక చెయ్యి అన్నా అని పక్కన నిలబడి చేయించుకున్న. ఏబీఎస్ లేని పాత బండ్లల్ల వెనక బీమ్‌కి బ్రేక్ ప్రెషర్ వాల్వ్ ఒకటి కట్టి ఉంటది, బండి దిగితే అది లోడ్ పడ్డదనుకొని వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెషర్ ఇస్తది, అట్లాంటి బండి అయితే దాన్ని గూడ సెట్ చేయించాలె.

అలైన్‌మెంట్ రెండు సార్లు, ఏసినప్పుడు ఒకసారి, స్ప్రింగు కూసున్నంక ఒకసారి. ముందు టో (చక్రాలు లోపటికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతది, అది సరి చేస్తే చాలు. వెనక టార్షన్ బీమ్‌కి విడిగ తిప్పే బోల్టులే లేవు, ఫోర్ వీల్ అలైన్‌మెంట్ చేసినమని వెనకకి గూడ పైసలు రాస్తే ఏం తిప్పినవ్ అన్నా అని అడగండ్రి. చెకింగ్ వరకైతే సరే. టైర్లు 195/65 ఆర్15 అట్లనే ఉంచిన, ఇప్పటికి లోపటి అంచు అరుగుడు పెద్దగ లేదు. 16 ఇంచుల వీల్స్ ఏసుకుందామని మనసైంది గని 205/55 ఆర్16కి మొత్తం ఎత్తు దాదాపు అంతే, రబ్బరు మందం మాత్రం తగ్గుతది, మన గుంతలకి రిమ్ము పోతది, వద్దనుకున్న. హెడ్‌లైట్లు గూడ మళ్ల సెట్ చేయించాలె, లోడ్ ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద రోలర్ తిప్పుడు మర్చిపోవద్దు, ఎదురొచ్చేటోళ్లు తిట్టుకుంటరు.

స్పీడ్ బ్రేకర్లు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రూల్ ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలె, అట్లాంటిది నిండు లోడ్‌ల గూడ నా బండికి తాకదు. కని ఊర్లల్ల యాక్సిడెంట్ అయిన తెల్లారే పోసే సిమెంటు గడ్డలకి రూల్ ఏముంటది, వెడల్పు అడుగున్నర, ఎత్తు మాత్రం మస్తు. పరకాల దిక్కు, హుజూరాబాద్ దాటినంక లోపలి ఊర్ల రోడ్లల్ల నిండు బండితో అసొంటివి వస్తే ఏటవాలుగ ఎక్కిస్త, ఒకోసారి వెనక కూసున్నోళ్లని దింపుత. మా వదినకి ఇది అస్సలు నచ్చది, దించుడెందుకు మళ్ల మమ్మల్ని దింపుడెందుకు అంటది, ఆమె అన్నదాంట్ల న్యాయముంది. వడ్ల సీజన్‌ల రోడ్డు మీద కుప్పల అంచుకి పెట్టే రాళ్లు ఇంకో గోస, రాత్రిపూట కనిపియ్యవు, ఇంజన్ ఆయిల్ చాంబర్ కింద ఇనుప గార్డు లేకుంట నేనైతే నడప.

కాగితాల ముచ్చట గూడ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీల ఉన్న వివరాలకి తేడా వచ్చేటట్టు బండి మార్చొద్దు, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ ఇదే గట్టిగ చెప్పింది. ఎత్తు ఆర్సీల రాయరు కదా అని కొందరంటరు, నేనైతే 15 ఏండ్ల తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఇన్‌స్పెక్షన్ ఉంటదని గుర్తు పెట్టుకొని పాత స్ప్రింగులు, స్టాపర్లు గ్రీజు పూసి సంచిల కట్టి పెట్టిన, ఇన్సూరెన్సోళ్లకి గూడ రాతపూర్వకంగ చెప్పిన.

రోజూ పొలానికి పొయ్యేటోళ్లు, ఊర్ల రోడ్లే ఎక్కువ నడిపేటోళ్లు దీని జోలికి పోవద్దు, మంచి షాకర్లు ఏసుకొని స్టాక్ స్ప్రింగే ఉంచుకోండ్రి, సగం లాభం అక్కడ్నే వస్తది. హైవే మీద ఎక్కువ తిరిగేటోళ్లకి, వెనక సీట్ల పెద్దోళ్లకి ఊగుడు పడనోళ్లకి అయితే మంచి పనే. నా బండికి ఇప్పుడు వెనక బంప్ స్టాపర్లు కొద్దిగ పగిలినయి, రబ్బరుకి వయసొచ్చింది, అంతే, స్ప్రింగుల పెయింట్ ఒక దిక్కు లేచింది గని తుప్పు లోపటికి పోలె. కొత్త స్టాపర్లు ఆర్డర్ పెట్టిన, ఈసారి పొట్టివి కాకుంట మెత్తటి నురగ రకం, అవి ఏసినంక నిండు లోడ్‌తో ఏటూరునాగారం దాక పోయి ఎట్లుందో రాస్త.